తాళం వేసిన ఇంటి మీద గుర్తు

సాత్విక్ తల మీద మొదటి దెబ్బ కొట్టింది మా అన్న మధు. జాకీ రాడ్డుతో కొట్టాడు. ఆ చప్పుడు పదిహేను అడుగుల దూరం నుంచి నేను విన్నాను. తల పగిలితే పెద్ద చప్పుడేమీ రాదు. కొబ్బరికాయను గోనెసంచిలో పెట్టి నేలకు కొట్టినట్టు ఉంటుంది, అంతే.

మర్నాడు పేపర్లో "సేవకు వెళ్లిన విద్యార్థులపై బస్తీవాసుల దాడి" అని వేశారు. మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో "ఇలాంటోళ్లకు సేవ చేయడమే బుద్ధి తక్కువ" అని ఒకడు పెడితే నలభై మంది చప్పట్లు కొట్టారు. బస్తీలో ఇంకో కథ చెప్పుకుంటున్నారు. అసలు సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తెలిసీ నోరు మూసుకున్నదాన్ని కూడా నేనే. అందుకని నేనే చెప్తాను. జాలి కోసం కాదు. జాలి చూపించేవాళ్లను చూస్తే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట.

నా పేరు సంతోషి. మా ఇల్లు మూసీ ఒడ్డున, మూసారాంబాగ్ వంతెనకు దిగువన ఉన్న బస్తీలో. రెండు గదులు, పైన రేకులు. నాన్న పోయి పదేళ్లయింది. అమ్మ ఇంద్రమ్మ కొత్తపేట పండ్ల మార్కెట్లో బత్తాయిలు ఏరే కూలికి పోయేది. మార్కెట్ ఊరి బయటికి వెళ్లిపోయాక రైతుబజార్లో ఒకామె తరఫున కూరగాయలు అమ్ముతోంది. అన్న ట్రాలీ ఆటో నడుపుతాడు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను.

కాలేజీలో చేరిన మొదటి రోజు నా పక్కన కూర్చున్నమ్మాయి "మూసీ పక్కపొంటి బస్సుల రావాలంటే కడుపుల తిప్పుతదే, గాడ మనుషులు ఎట్ల ఉంటరో" అంది. అని నా వైపు తిరిగి, "నువ్వేడుంటవ్?" అంది. "మెట్రో స్టేషన్ దగ్గర" అన్నాను. అంతే. ఆ ఒక్క మాటను రెండేళ్లు మోశాను. నేనేం తక్కువదాన్ని కాదు, కోపం వస్తే ఎంతటివాళ్లనైనా నిలబెట్టి కడిగేస్తాను. కానీ ఆ పిల్లను ఆ రోజు ఏమీ అనలేకపోయాను.

ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరింది సర్టిఫికెట్ కోసం. రెండేళ్లలో రెండువందల నలభై గంటలు సేవ చేస్తే ఇస్తారు, పీజీ సీటప్పుడు పనికొస్తుందని విన్నాను. మొక్కలు నాటాను, రక్తదాన శిబిరంలో బిస్కట్లు పంచాను, బళ్లో పిల్లలకు చేతులు కడుక్కోవడం నేర్పాను. మాకిచ్చిన టీషర్టు వెనక "నేను కాదు, నువ్వు" అని రాసి ఉంటుంది. మా వాళ్ల నినాదం అది. నేనైతే గంటలు లెక్కపెట్టుకునేదాన్ని.

సాత్విక్ లెక్కపెట్టుకునే రకం కాదు. వాళ్లది మన్సూరాబాద్. తాతల నాటి పొలాలు ప్లాట్లయ్యాయి, నాన్న రియల్ ఎస్టేట్. అలాంటి ఇంటి పిల్లవాడు ఎర్రటి ఎండలో చెత్త ఏరడానికి రావడం ఏమిటి, ఫొటోల కోసం వేషాలు అనుకున్నాను మొదట్లో. రక్తదానం రోజు సూది చూసి కళ్లు తిరిగి పడిపోయాడు. పది నిమిషాలు పడుకుని, లేచి వచ్చి మళ్లీ చెయ్యి చాపాడు. ఆ రోజు నుంచి అతని మీద నాకు కోపం రావడం మానేసింది.

క్యాంపు అయిపోయాక సాయంత్రాలు బండి మీద నన్ను దింపేవాడు. అతని ఇల్లు ఆ చివర, నాది ఈ చివర. అయినా దింపేవాడు.

"ఇంటి దాంక దింపుత గద, మెట్రో మెట్ల కాడ ఎందుకు దిగుడు?" అనేవాడు.

"మా అన్న చూస్తే నిన్ను కొడతడు" అనేదాన్ని నవ్వుతూ.

దిగి, మెట్లెక్కుతున్నట్టు రెండు మెట్లు ఎక్కేదాన్ని. బండి మలుపు తిరిగాక దిగొచ్చి, ఇరవై నిమిషాలు నడిచి బస్తీకి పోయేదాన్ని. దాదాపు ఏడాది ఇదే నాటకం.

ఇప్పుడు ఎరుపు రంగు సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మావాళ్లు ఒట్టి రాక్షసులని అనుకుంటారు.

పోయినేడు వానాకాలానికి ముందు సర్కారు ఆఫీసు వాళ్లు వచ్చారు. నది పక్కన ఇళ్లు తీసేస్తామన్నారు. గోడల మీద ఎర్ర రంగుతో నంబర్లు వేశారు, పడగొట్టాల్సినవాటి మీద నంబరు పక్కన ఇంటూ గుర్తు గీశారు. తొమ్మిదో రోజు పొద్దున రెండు జేసీబీలు దిగాయి. జంగయ్య అని, మా ఇంటికి రెండు వరసల అవతల ఉండేవాడు, మేస్త్రీ పని చేస్తాడు. తన చేత్తో కట్టుకున్న ఇల్లది. వెళ్లి జేసీబీ ముందు పడుకున్నాడు. నలుగురు పోలీసులు అతని కాళ్లు పట్టుకుని ఈడ్చారు. గడప రాళ్ల మీద తల ఒక్కొక్క రాయికీ తగులుతూ పోయింది. వాళ్ల ఇల్లు కూలినప్పుడు పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఆపడానికి పోయిన అన్నను లాఠీలతో కొట్టారు. పదిహేను రోజులు బోర్లా పడుకున్నాడు, వీపంతా వంకాయ రంగు తిరిగింది. "మీ వరస తర్వాత" అని చెప్పి పోయారు. జంగయ్య అప్పటి నుంచి మా గల్లీ చివర టార్పాలిన్ కింద ఉంటున్నాడు. పిల్లలెవరైనా ఎర్ర స్కెచ్ పెన్నుతో గోడ మీద పువ్వు గీస్తే కూడా మా బస్తీలో వీపులు పగిలేవి.

ఇది నాకు తెలుసు. మా కాలేజీలో ఇంకెవ్వరికీ తెలియదు.

ఆ శుక్రవారం మా ప్రోగ్రాం ఆఫీసర్ బిందుమాధవి మేడమ్ మమ్మల్ని కూర్చోబెట్టింది. ఆమెది భీమవరం వైపు. మంచి మనిషి, గొంతు పెద్దది.

"డెంగ్యూ విజృంభిస్తోందర్రా. ఆదివారం మూసారాంబాగ్ వంతెన కింద బస్తీకి వెళ్తున్నాం. ప్రతి ఇంట్లో డ్రమ్ములు, కుండీలు చూడాలి. నిలవ నీళ్లుంటే పారబోయించాలి. పోలియో చుక్కలవాళ్లు సుద్దముక్కతో గుర్తు పెడతారు చూశారా, అలాగే గోడ మీద నంబరు, తేదీ రాయండి. చూసేసిన ఇంటికి టిక్కు పెట్టండి. తాళం వేసుంటే ఇంటూ పెట్టండి, వచ్చే ఆదివారం మళ్లీ వెళ్దాం. కిందటివారం ఇంకోచోట సుద్దతో రాస్తే వానకి కొట్టుకుపోయింది కదా, ఈసారి ఇవి తెచ్చాను."

సంచిలోంచి పెయింటు మార్కర్లు తీసి బల్ల మీద పోసింది. అన్నీ ఎరుపే.

మేడమ్ మా అందరి వైపూ చూసి, "డౌట్లుంటే ఇప్పుడే అడగండమ్మా, అక్కడికెళ్లాక నన్ను విసిగించొద్దు" అంది. నా చెయ్యి బెంచీ మీద ఉంది. ఎత్తితే చాలు. "మేడమ్, ఎరుపొద్దు, నీలం తెద్దాం" అంటే చాలు. కానీ వెంటనే "నీకెలా తెలుసమ్మా?" అని అడుగుతుంది. ముప్పై మంది నా వైపు తిరుగుతారు. కడుపులో తిప్పుతుందన్న పిల్ల మొదటి వరసలోనే కూర్చుని ఉంది. నా చెయ్యి బెంచీ మీదే ఉండిపోయింది.

తర్వాత గల్లీలు పంచింది. నాకు నాలుగో గల్లీ వచ్చింది. అది మా గల్లీ. మా ఇంటి తలుపు నేనే కొట్టాలన్నమాట. సాత్విక్‌ది ఐదో గల్లీ.

"మార్చుకుందామా? నాలుగో గల్లీల కుక్కలున్నయంట, నాకు భయం" అన్నాను.

"కుక్కలకు నువ్వు భయపడుతవా? నిన్ను జూస్తే కుక్కలే పరేషాన్ అయితయ్" అని నవ్వి, నా కాగితం తీసుకుని తనది నాకిచ్చాడు.

ఇంట్లోనైనా చెప్పి ఉండాల్సింది. "అమ్మా, ఆదివారం మా కాలేజీ పిల్లలు దోమల మందు సంగతి చెప్పడానికొస్తరు" అంటే అమ్మ గల్లీ గల్లీ తిరిగి చాటింపు వేసేది, అందరికీ చాయ్ పెట్టేది. అదే నా భయం. మా అమ్మ చాయ్ గ్లాసులు పట్టుకుని "మా సంతోషి దోస్తులా బిడ్డా" అంటూ వస్తే నేను ఎక్కడ దాక్కోవాలి? "కాలేజీల పనుంది" అని మాత్రం చెప్పి వచ్చాను. అమ్మ బజారుకు పోయింది. అన్న ఆదివారాలు పండ్ల లోడు దింపి మధ్యాహ్నానికి గానీ రాడు. ఇంటికి తాళం ఉంటుంది, ఏ గొడవా ఉండదు అనుకున్నాను. టోపీ కిందికి లాక్కుని, మాస్కు పెట్టుకున్నాను.

పదిన్నరకు మొదలుపెట్టాం. ఐదో గల్లీలో మా బంధువులెవరూ లేరు, నన్నెవరూ పోల్చుకోలేదు. మార్కర్ చేతిలో ఉన్నా నేను గోడల మీద ఏమీ రాయలేదు. నేను మార్చుకున్న ఐదో గల్లీలో గోడలు శుభ్రంగా ఉన్నాయి. అంత తెలివి ఉంది నాకు, నా వరకు.

ఆ రోజే అన్న ట్రాలీకి ఎల్బీ నగర్ దగ్గర టైరు దిగిపోయింది. లోడు ఇంకొకడికి అప్పజెప్పి, ఖాళీ బండిని మెల్లగా నడిపించుకుంటూ వచ్చి, నాలుగో గల్లీ మొదట్లో ఆపి టైరు మారుస్తున్నాడు. జాకీ ఎక్కించి, రాడ్డు చేతిలో పట్టుకుని, చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు. నేను గల్లీ మూల మీదికి వచ్చేసరికి ఇది కనిపించింది. టోపీ ఇంకాస్త కిందికి లాక్కుని అక్కడే నిలబడ్డాను.

గల్లీ లోపల సాత్విక్ మా ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. తాళం చూశాడు. నంబరు రాశాడు, తేదీ రాశాడు. రెండు గీతలతో పెద్ద ఇంటూ గీశాడు. అతని రాత గుండ్రంగా, అందంగా ఉంటుంది. గీతలు కూడా శ్రద్ధగానే గీశాడు.

ఎదురింటి అండాలమ్మకు సగం చూపే ఉంది. కానీ ఎరుపు కనబడింది. రొమ్ము బాదుకుంటూ బయటికి పరుగెత్తింది.

"ఓ మధూ! ఇంటు కొట్టిన్రురా! మీ ఇంటికి ఇంటు కొట్టిన్రు! ఇయ్యాల మనల్ని గూడ లేపుతున్నరురో!"

అన్న లేచి ఇంటి ముందుకు ఉరికాడు. చేతిలో రాడ్డు అలాగే ఉంది.

"ఎవల్రా నువ్వు? ఎవడు పంపిండ్రా నిన్ను?"

సాత్విక్ మార్కర్‌కు మూత పెడుతూ నవ్వాడు. అతనికి అదో అలవాటు, ఎవరు పలకరించినా ముందు నవ్వుతాడు. "అన్నా, మేము కాలేజీల..." అన్నాడు.

అప్పుడు పడింది మొదటి దెబ్బ.

సాత్విక్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. టోపీ ఎగిరి మురుగు మోరీలో పడింది. రెండో దెబ్బ భుజం మీద పడింది, ఎముక విరిగింది, చెయ్యి వేలాడిపోయింది. అప్పటికి గల్లీ నిండిపోయింది. ఇన్ని నెలల భయమంతా ఒక్కసారిగా తలుపులు తీసుకుని బయటికొచ్చింది. ఒకడు డొక్కలో తన్నాడు. నన్ను ఎత్తుకుని పెంచిన ఒక పెద్దమ్మ చీపురు తిరగేసి ముఖం మీద బాదింది. ఇంకొకడు అతని జుట్టు పట్టి, తలను మా ఇంటి గోడకు, ఆ ఇంటూ గుర్తు మీదే కొట్టాడు. కొట్టి, "తుడువ్‌రా! నాకి తుడువ్!" అని అరిచాడు. గోడ మీద ఎరుపేదో నెత్తురేదో తెలియకుండా పోయింది.

"డెంగ్యూ అన్నా... డెంగ్యూ..." అంటున్నాడు సాత్విక్. నోట్లో పళ్లు విరిగి మాట ముద్దగా వస్తోంది. ఎవరికి వినబడుతుంది?

అప్పుడతను నన్ను చూశాడు. మనుషుల కాళ్ల సందులోంచి చూశాడు. మాస్కున్నా పోల్చుకున్నాడు.

"సంతోషీ! జర చెప్పవా వీళ్లకు!"

మా బస్తీలో సంతోషిలు నలుగురున్నారు. ఎవరూ తిరిగి చూడలేదు. అన్న ఒక్కడే తిరిగాడు. టోపీ, మాస్కు, టీషర్టు, అన్నీ చూశాడు. ఆ తర్వాత నా కాళ్లు చూశాడు. నా చెప్పులు దసరాకు అతను కొనిచ్చినవే. ఎత్తిన రాడ్డు గాల్లోనే ఆగింది.

ఆ క్షణం నేను నోరు తెరిచి ఉంటే కథ అక్కడితో ఆగేది. తల పగిలిన దెబ్బకు కుట్లు పడేవి, చేతికి కట్టు పడేది. రెండు కళ్లతో ఇంటికి పోయేవాడు. కానీ నా వెనక బిందుమాధవి మేడమ్ వచ్చి నిలబడింది. కడుపులో తిప్పుతుందన్న పిల్ల కూడా వచ్చింది. మేడమ్ నా భుజం పట్టి లాగుతూ, "పరుగెత్తు సంతోషీ, వీళ్లు మనుషులు కాదు, చంపేస్తారు, రా!" అంది. వీళ్లు అంది. నేను వీళ్లలో దాన్నని చెప్పాలంటే ఎంతసేపు పడుతుంది? మూడు మాటలు. నా నోరు రాలేదు. మాస్కు లోపల నా ఊపిరి నాకే వేడిగా తగులుతూ ఉంది, నేను నిలబడే ఉన్నాను.

అన్న ఆగాడు కానీ జంగయ్య ఆగలేదు. మోరీ మీద కప్పిన షాబాదు బండ ఒక ముక్క విరిగి ఉంది. రెండు చేతులతో ఎత్తాడు. "నా ఇల్లు! నా ఇల్లురా!" అని ఏడుస్తూ ఎత్తాడు. పైకి చూస్తున్న సాత్విక్ ముఖం మీద వేశాడు.

అప్పుడు కదిలాను నేను. అంతా అయ్యాక. మేడమ్‌ని తోసేసి, మాస్కు పీకి పారేసి గుంపులో పడ్డాను. "నేనే! ఇంద్రమ్మ బిడ్డను! వీడు మా కాలేజీవాడు! ఆపుండ్రి!" అని గొంతు చించుకున్నాను. ఎవరిదో కట్టె నా వీపు మీద విరిగింది. జంగయ్య మళ్లీ బండ ఎత్తబోతే అతని చెయ్యి కొరికాను, నోట్లోకి ఉప్పగా నెత్తురొచ్చేదాకా వదల్లేదు. సాత్విక్ మీద బోర్లా పడిపోయాను. దెబ్బలు ఆగిపోయాయి. నేను తల ఎత్తి అతని ముఖం చూశాను. ఎడమ కన్ను ఉండాల్సిన చోట కన్ను లేదు.

"ఈడు... నీ దోస్తా చెల్లే?" అన్నాడు అన్న. రాడ్డు చేతిలోంచి జారిపోయింది.

ట్రాలీ ఇంకా జాకీ మీదే ఉంది. అన్న సాత్విక్‌ను రెండు చేతులతో ఎత్తుకుని రోడ్డు దాకా పరుగెత్తాడు. "తమ్మీ, కండ్లు మూసుకోకు, తమ్మీ" అని ఏడుస్తూ పరుగెత్తాడు. ఆటోలో పడుకోబెట్టి, తను ఎక్కకుండా అక్కడే కూర్చుండిపోయాడు. మేం వెళ్లిన అరగంటకు పోలీసులొచ్చి అతన్నీ జంగయ్యనీ పట్టుకుపోయారట. పారిపోవడానికి ఇద్దరూ ప్రయత్నించలేదట.

ఎల్బీ నగర్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించారు. సాత్విక్ నాన్న వచ్చాడు, వెంట బాబాయిలు, మేనమామలు. భారీ మనిషి. కన్ను తీసేయాల్సిందేనని డాక్టర్ చెప్తే గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు, తర్వాత అదే చేత్తో గోడను గుద్దాడు.

"అసలు ఎక్కడ కొట్టిన్రు మేడమ్? ఏ ఇంటి కాడ?"

మేడమ్ ఏడుస్తూనే చెప్పింది. "నాలుగో గల్లీ అండీ. తాళం వేసిన ఇంటి మీద ఇంటూ పెడుతుంటే కొట్టారు. ఆ గల్లీలో ఇంటూ ఉన్న ఇల్లు అదొక్కటే. ఇదిగోండి, ఈ పిల్ల లేకపోతే మీవాడు దక్కేవాడు కాదు. మేమంతా పారిపోతే ఇది వెనక్కెళ్లి ఒళ్లు అడ్డం పెట్టింది."

గుంపులో నేనరిచింది ఆమె వినలేదు. నేను తోసేయగానే పరుగెత్తింది కదా. సాత్విక్ నాన్న నా రెండు చేతులూ పట్టుకుని తన కళ్లకు అద్దుకున్నాడు. "నా కొడుకు పానం నిలబెట్టినవ్ బిడ్డా. నీ రుణం తీర్చుకోలేను" అన్నాడు. నా చేతుల మీద అతని కొడుకు నెత్తురు ఇంకా ఆరలేదు. నేను తల వంచుకుని ఆ మాట కూడా తీసుకున్నాను. ఇంటూ ఉన్న ఇల్లు నాదని అప్పుడూ చెప్పలేదు.

సోమవారం పొద్దున అమ్మ స్టేషన్ నుంచి వచ్చింది. రాత్రంతా అక్కడే కూర్చుంది. పోలీసులు కొట్టిన అన్న అరికాళ్లు చూసిందట. నిలబడలేకపోతున్నాడట. వస్తూనే ఇటుక ముక్క తీసుకుని గోడ మీద ఎరుపు గీకడం మొదలుపెట్టింది. సున్నం రాలింది, ఎరుపు పోలేదు. వేళ్లు చిట్లాయి.

"మా మధుగాడు చీమను గూడ తొక్కడు. ఎర్రది జూసి పాణం బుగులై కొట్టిండు. గీ ఎర్రది తెచ్చినోళ్లు మన్నుగాను, తెల్సి తెచ్చినోళ్ల నోట్ల మన్ను వడ" అని తిడుతూ గీకుతోంది.

నేను గడపలో కూర్చుని వింటున్నాను.

రెండు కార్లొచ్చి ఆగాయి. సాత్విక్ నాన్నతో కలిపి ఎనిమిది మంది దిగారు. కర్రలున్నాయి, రెండు గడ్డపారలున్నాయి. "ఇంటు ఉన్న ఇల్లు ఇదే" అన్నాడు ఒకడు. ముందు ట్రాలీ అద్దం పగిలింది. అడ్డమెళ్లిన ఇద్దరు కుర్రాళ్ల మోకాళ్లు విరిచారు, మిగతావాళ్లు తలుపులేసుకున్నారు. నిన్న అంత మంది ఉన్న గల్లీలో ఈ రోజు ఒక్కడు లేడు. అమ్మ పోయి సాత్విక్ నాన్న కాళ్ల మీద పడింది.

"సారూ, నీ కాళ్లు మొక్కుత, నా కొడుకు తెల్వక చేసిండు సారూ!"

పక్కనున్నవాడు అమ్మను కాలితో తన్నాడు. అమ్మ డ్రమ్ముకు తగిలి పడింది, నొసలు చిట్లింది. నేను లేచి బయటికొచ్చాను.

సాత్విక్ నాన్న చేతిలో కర్ర ఎత్తి ఉంది. నన్ను చూసి ఆగాడు. అతనికేమీ అర్థం కాలేదు.

"నువ్వేంది బిడ్డా ఇక్కడ?"

"ఇది మా ఇల్లు" అన్నాను. "ఆమె మా అమ్మ. మీవాణ్ణి కొట్టింది మా అన్న." ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. "ఎర్ర రంగుతో రాస్తే ఇక్కడ కొడతరని నాకు శుక్రవారమే తెలుసు. చెప్పలేదు. ఈ గల్లీ నాకిచ్చింది మేడమ్. అబద్ధం చెప్పి మీవాడికి అంటగట్టింది నేను. నా ఇల్లు ఇక్కడని తెలుస్తదని."

కర్ర నా తల మీద పడుతుందనుకున్నాను. పడాలనే అనుకున్నాను. ఆయన ఎత్తిన కర్ర దించాడు.

"పొద్దున తెలివొచ్చింది వానికి" అన్నాడు. "ముందుగాల నీ గురించే అడిగిండు. సంతోషిని ఎవలన్న ఇంటి కాడ దింపిన్రా అని."

కర్ర కింద పడేసి, వెనక్కి తిరిగి కారు దాకా నడిచి వెళ్లిపోయాడు. ఆపమని మనుషులకు చెప్పలేదు, కానివ్వమనీ చెప్పలేదు. వాళ్లు ఆపలేదు. తలుపు విరిచారు. టీవీ బయటికి విసిరారు. గడ్డపారలతో ముందు గోడ పొడిచారు, ఇంటూ గుర్తున్న గోడ. పావుగంటలో కూల్చేశారు. రేకులు ఒక పక్కకు ఒరిగాయి. జేసీబీ కూడా అవసరం కాలేదు.

కార్లు వెళ్లిపోయాయి. దుమ్ము మధ్యలో అమ్మ లేచింది. నొసటి నుంచి కారుతున్న నెత్తురు తుడుచుకోలేదు. నా దగ్గరికొచ్చి, కాలి చెప్పు తీసి నా చెంప మీద కొట్టింది. తర్వాత వీపు మీద, మెడ మీద, ఎక్కడ పడితే అక్కడ కొట్టింది. తలుపుల సందుల్లోంచి గల్లీ అంతా చూస్తోంది. నిన్న కట్టె విరిగిన చోటే చెప్పు దెబ్బలు పడుతున్నాయి. నేను చేతులు అడ్డం పెట్టలేదు.

కొట్టి కొట్టి రొప్పుతూ ఆగింది.

"ఇల్లు చెప్పుకోనీకె సిగ్గయిందానే నీకు?"

"అయింది" అన్నాను.

అమ్మ చెయ్యి మళ్లీ లేచింది, లేచి ఆగిపోయింది. చెప్పు కింద పడేసి, కూలిన గోడ ఇటుకల మీద కూర్చుంది. నా పాత కాలేజీ బ్యాగు దుమ్ములో పడి ఉంటే తీసి దులిపింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని, "నీ బ్యాగు కొననీకె వాడు మూడు రాత్రులు లోడింగ్‌కు పోయిండే" అని గొల్లున ఏడ్చింది.